పావలా మందం మసి

మా మావగారు పోయారు. నలభై రోజులు దాటింది. ఆ ఉదయం పాల ప్యాకెట్లు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, "తల్లీ, కాసేపు నడుం వాలుస్తాను" అని గదిలోకి వెళ్లారు. టీ పెట్టి పిలిచాను, పలకలేదు. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలవాల్సిన పని లేకపోయింది. ఎనభై దాటినా ఎవరి చేతా ఒక్కరోజు చేయించుకోకుండా వెళ్లిపోయాడు, అదృష్టవంతుడు అని వచ్చినవాళ్లందరూ అన్నారు. నేనూ తల ఊపాను. ఆయనకు నేను చెప్పుకోవాల్సిన మాట ఒకటుందని అప్పటికి నాకే తెలియదు. తెలిసేసరికి వినడానికి ఆయన లేరు. అందుకని మీకు చెబుతున్నాను.

పరామర్శకు వచ్చిన ఉక్కు ప్లాంటు పాతమిత్రులు ఫోటోకి దండం పెట్టి, దాని ముందు మేం పెట్టిన పొగతాగే పైపు చూసి ఆగిపోయారు. దుర్గ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని, "అరే, యే అభీ తక్ హై?" అని కళ్లు తుడుచుకున్నాడు. ఇంకా ఉందా అని ఆయన ఆశ్చర్యం. ఉండకేం? యాభై ఏళ్లకు పైగా ఆ పైపుకు జరిగినంత సేవ మా ఇంట్లో దేవుడికి కూడా జరగలేదు.

మావగారు ఇరవై ఏళ్ల వయసులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ప్లాంటులో చేరారు. కోకోవెన్‌లో పని. బొగ్గును గాలి తగలకుండా ఉడకబెట్టి కోకు చేసే పొయ్యిలవి. అక్కడ పని నేర్పిన రష్యా ఇంజినీరు తన దేశం వెళ్లిపోతూ ఆ పైపు ఈయన చేతిలో పెట్టాడట. ఆయనకు పది హిందీ ముక్కలు, ఈయనకు అవీ రావు. ఎలా మాట్లాడుకున్నారు మావయ్యా అంటే, "పొయ్యి ముందు ఇద్దరం నిలబడితే మాటలెందుకమ్మా?" అనేవారు. పైపులో వేసే పొగాకు ఇక్కడ దొరికేది కాదు. ఊరి నుంచి రైల్లో వచ్చేవాళ్ల చేత చుట్టపొగాకు తెప్పించి, నలిపి, బెల్లం నీళ్లు చిలకరించి, నీడలో ఆరబెట్టి దట్టించేవారు. దొర గొట్టంలో మన ఊరి పొగాకు అని వీధిలో ఆటపట్టించేవారు.

నేను పుట్టింది ఇక్కడే, ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ 7లో. అమ్మానాన్నలు మన తెలుగువాళ్లే అయినా ఆడుకున్నదీ పోట్లాడుకున్నదీ హిందీలో. అందుకే ఇప్పటికీ కోపం వస్తే నాకు హిందీ వస్తుంది. పెళ్లై సెక్టర్ 2లో మావగారి క్వార్టర్‌కి వచ్చిన రెండో నెలలో, అరుగు మీద పైపు కనబడింది. లోపలంతా నల్లగా, గారకట్టి, అసహ్యంగా ఉంది. కొత్త కోడలి ఉత్సాహం కదా! దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి స్టీలు పీచు, గిన్నెల పొడి పట్టుకుని కూర్చున్నాను. అప్పుడే ఫస్టు షిఫ్టు దిగి సైకిలు స్టాండు వేస్తున్న మావగారు పరుగెత్తుకొచ్చారు.

"ఆగమ్మా ఆగు! అది గిన్ని కాదు."

"మసి కదా మావయ్యా, తోమేస్తే పోతుంది."

"మసంతా మురికి కాదు తల్లీ" అని పక్కనే గొంతుక్కూర్చున్నారు. "మా ఒవెన్ గోడలకీ ఇలాగే పడతాది. పల్చగా ఉంటే ఇటుకల సందులు మూసి గోడని కాస్తాది. మందమైపోయిందనుకో, కోకు లోపలే బిగిసిపోద్ది, ఎంత తోసినా రాదు. ఇదీ అంతే. మసి నేకపోతే నిప్పు కర్రని తినేస్తాది. ఎక్కువైతే ఆ మసే వేడికి ఉబ్బి కర్రని పగలగొడతాది."

"మరి ఎంత ఉండాలి?"

జేబులోంచి పావలా బిళ్ల తీసి, నిలువుగా పట్టి, అంచు చూపించారు. "ఇంత."

ఆ రోజు నుంచి సాయంత్రాలు అరుగు మీద రెండు పీటలు పడేవి. పైపు పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోనిచ్చేవారు కాదు. వేడి మీద గొట్టం ఊడదీస్తే అతుకు దగ్గర విరిగిపోతుందట. పొగాకు దట్టించే బుర్రను ఎడమ పిడికిట్లో పట్టుకుని, గొట్టాన్ని మెల్లిగా తిప్పుతూ లాగాలి. మొన అరగదీసి గుండ్రంగా చేసిన పాత చాకు ఒకటుండేది. దానితో లోపలి మసిని వలయంగా గీకాలి. మొన వాడిగా ఉంటే కర్రలోకి దిగిపోతుంది. గీకిన పొడిని అరచేతిలోకే తట్టుకోవాలి, గట్టుకేసి కొట్టకూడదు. సరిపోయిందో లేదో చూడటానికి నా చిటికెనవేలు కొలత. పావలా మందం మసి ఉంటే రెండో కణుపు దాకా సులువుగా దూరేది.

ఆఖరున వత్తి. బజార్లో పైపు పుల్లలు దొరకని ఊళ్లో ఆయన కనిపెట్టుకున్న ఉపాయం అది. కొబ్బరి ఈనెకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, గొట్టంలో దూర్చి లాగేవారు. మొదటిది నల్లగా వచ్చేది, రెండోది గోధుమ రంగులో. "తెల్లగా వొచ్చేదాకా మానకూడదు" అనేవారు. ఆ వత్తులు చేసేది మా అత్తయ్య. పొద్దున్నే దీపానికి పొట్టి వత్తులు చేస్తూ, ఈయన కోసం నాలుగు పొడుగువి చేసి పళ్లెంలో ఓ పక్కన పెట్టేవారు. దేవుడి వాటా, పైపు వాటా అని మేం నవ్వుకునేవాళ్లం.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మగవాళ్లు ఇంట్లో కూర్చుని, చేత్తో ఏదో పని చేసుకుంటూ, ఆడపిల్ల మాట తీరిగ్గా వింటారని ఆ అరుగు మీదే నాకు మొదటిసారి తెలిసింది. స్కూల్లో నేను చెప్పే పాఠాలు, హెడ్‌మాస్టరు మీద నా కోపాలు, అన్నీ ఆ పీట మీద కూర్చుని చెప్పుకునేదాన్ని. ఆయన గీకుతూ వినేవారు. ఆ సాయంత్రాల్లాంటివి నా బతుకులో ముందూ లేవు, తర్వాతా లేవు.

ఆయన రిటైరై స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకుని వచ్చాక, ఊరి నుంచి అత్తయ్య పిన్ని ఒకావిడ వచ్చి వారం ఉంది. ఆవిడకు అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. అటు శ్రీకాకుళం వైపు పాతతరం ఆడవాళ్లలో మామూలే. నేను చూడటం అదే మొదలు. "ఛీ! ఆడవాళ్లు చుట్ట కాల్చడమేంటి? వీళ్లేం మనుషులు!" అని ఆవిడ వినేలాగే అన్నాను. ఆవిడ రైలెక్కాక, నీళ్లు తాగిన గ్లాసు పాతసామానువాడికి పడేశాను. స్టీలు గ్లాసు, నిక్షేపంలాంటిది. అత్తయ్య ఒక్క మాట అనలేదు. మావగారు మాత్రం సాయంత్రం పైపు గీకుతూ, "నిప్పుకి ఓ గది కట్టాల తల్లీ. గది నేక పాపం వాళ్లు నోట్లో ఎట్టుకుంటన్నారు" అన్నారు. నేను వినిపించుకోలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఆయన ఊపిరితిత్తులు బాగాలేవని, పొగ మానకపోతే లాభం లేదని డాక్టరు చెప్పాడు. సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి ఆయాసం మొదలైంది. దానికి తొమ్మిదేళ్లు. మానేస్తానని మావగారు ఒప్పుకున్నారు. నాకు చాల్లేదు. పిల్లను తెచ్చి ఎదురుగా నిలబెట్టి, "దీని తల మీద ఒట్టు వెయ్యండి" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు. తర్వాత మనవరాలి తల మీద చెయ్యి పెట్టారు. పొగాకు డబ్బా నా చేతికిచ్చారు, చెత్తలో పోశాను.

చాకు పక్కన పెట్టేసినా, సాయంత్రాలు వత్తితో పైపు శుభ్రం చెయ్యడం మాత్రం మానలేదు. చేతులకు అలవాటైన పని కదా, పోనీలే అనుకున్నాను. రెండు నెలలు గడిచాయి. ఒక వేకువన పిల్లకు ఊపిరి అందలేదు. మా ఆయనా నేనూ ఆసుపత్రికి పరుగెత్తాం. గండం గడిచి మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పెరట్లో పొగాకు వాసన! తిన్నగా వెళ్లి పైపులో వేలు పెట్టాను. మొదటి కణుపు దగ్గరే ఆగిపోయింది. వాడని పైపులో మసి పెరగదు. ఆ లెక్క నాకు నేర్పింది ఆయనే.

"ఝూఠ్ మత్ బోలియే మావయ్యా!" అని అరిచాను, అబద్ధాలాడొద్దని, ఆయన ఇంకా ఒక్క మాటైనా అనకముందే. "బచ్చీ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు తప్పుతారా? పిల్లకేమైనా అయితే?"

ఆయన పైపు వైపు చూశారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య వైపు ఒకసారి చూశారు. తర్వాత చాలా నెమ్మదిగా అన్నారు.

"పైపు నాది తల్లీ. అందులో మసీ నాదే."

ఒప్పుకున్నారనుకున్నాను. ఇంకేం కావాలి? ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆయనకు వేళకు అన్నం పెట్టాను, మందులిచ్చాను, కళ్ల ఆపరేషన్‌కి తోడెళ్లాను. వరండాలో ఆయన పక్కన మాత్రం కూర్చోలేదు. పిల్ల ఎదిగింది, ఆయాసం పోయింది, నా పంతం పోలేదు. కొన్ని నెలలపాటు ఆయన సాయంత్రాలు రెండు పీటలే వేసేవారు. తర్వాత ఒకటే వేసుకోవడం మొదలుపెట్టారు. చూసి కూడా చూడనట్టు లోపలికి వెళ్లిపోయేదాన్ని.

ఆయన పన్నెండో రోజు కార్యక్రమాలు అయిపోయాక ఓ ఉదయం, అత్తయ్య పళ్లెంలో పొడుగు వత్తి కనబడింది. "ఇదెవరికి అత్తయ్యా?" అన్నాను. "అలవాటమ్మా" అన్నారు. మావయ్య మీద బెంగ అనుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు.

పోయిన వారం పరీక్షల మూలంగా స్కూలు ఒంటిపూటే. పన్నెండింటికి ఇంటికొచ్చాను. ఫోటో ముందు పైపు లేదు. పెరటి తలుపు తీశాను. బట్టలుతికే రాయి మీద అత్తయ్య కూర్చుని ఉన్నారు. నోట్లో పైపు, సన్నగా పొగ. నన్ను చూసి అదిరిపడి, మండుతున్న పైపును చటుక్కున చీర కుచ్చిళ్లలో దాచేసుకున్నారు. డెబ్బై అయిదేళ్ల మనిషి! నేను పరుగున వెళ్లి పైపు లాగేసి, చీర మీద నిప్పు చేత్తో నలిపాను. పావలా అంత చిల్లు పడింది. ఆవిడ రాయి మీద వెనక్కి జరిగారు. కాలుతుందని కాదు, నేను చూశానని.

"నానేనమ్మా తాగింది" అన్నారు. "అప్పుడూ నానే. మీ మావ ఒట్టు తప్పనేదు."

"మా ఊళ్లో ఆడోళ్లందరం అడ్డపొగే. ఇక్కడికొచ్చేక దొంగతనంగా తాగేదాన్ని. అంగిట్లో పుండైపోనాది. నిప్పు నోట్లో ఎందుకే, ఈ గదిలో ఎట్టుకో అని పైపు నా సేతికిచ్చేడు. అప్పట్నుంచి మద్దేనం పూట ఓ సగం. ఆయన మానేసేక కూడా నాను మానలేకపోనాను. బియ్యం డ్రమ్ములో పుగాకు దాసుకునేదాన్ని."

"నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా? తొమ్మిదేళ్లు..."

"ఎలా సెప్పను? మా పిన్ని తాగిన గలాసు నువ్వు పారేసేవు కదా." కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "సెప్పేస్తానయ్యా, కోడలు నిన్ను అపార్తం సేసుకుంటంది అన్నాను. ఒద్దే, నన్ను అబద్దాలకోరనుకున్నా పర్నేదు, నీ గలాసు పారేస్తే నాను సూడనేను అన్నాడు."

అప్పుడు అర్థమైంది, ఆ సాయంత్రాల సేవ ఎవరి కోసమో. భార్య మధ్యాహ్నం తాగిన పైపును, మర్నాడు ఆమె నోటికి చేదు తగలకుండా ఆయన రోజూ కడిగిపెట్టారు. నేను దాన్ని దొంగ తన ఆనవాళ్లు చెరుపుకోవడం అనుకున్నాను.

"ఇప్పుడు తాగినా బాగోట్నేదమ్మా" అన్నారు అత్తయ్య. "సేదొస్తంది. నాకు వొత్తి సెయ్యడమే తెల్సు. లోపల ఎలా దూర్సేవోడో సూడనేదు."

ఇకమీదట తాగొద్దని నేను అనలేదు. ఒట్టు అడగలేదు. మావగారి చాకు ఆయన చొక్కా జేబులోనే దొరికింది. ఎండ తగ్గాక వరండాలో రెండు పీటలు వేశాను. పైపు చల్లారేదాకా ఆగాను. బుర్రను ఎడమ పిడికిట్లో పట్టుకుని గొట్టం తిప్పి ఊడదీశాను. చేతులు ఏదీ మర్చిపోలేదు. నలభై రోజుల మసి గీకి అరచేతిలోకి తట్టుకున్నాను, చిటికెనవేలు రెండో కణుపు దాకా దూరేవరకు. తర్వాత వత్తి పెట్టి లాగాను. మొదటిది తారులా వచ్చింది. రెండోదీ అంతే. రెండో పీట మీద కూర్చుని అత్తయ్య ఒక్కొక్క ఈనెకూ దూది చుట్టి ఇస్తున్నారు. నాలుగోది కూడా నల్లగానే వచ్చింది. అత్తయ్య ఐదో వత్తి అందించారు.