తోసుకోకండి అన్నావిడ

బస్‌స్టాండు అనౌన్సరమ్మ మొహం ఎవరికీ తెలియదు. గొంతు మాత్రం ఊరందరికీ తెలుసు. సామాన్ల గది పక్కన, ఒక కుర్చీ, ఒక మైకు, కిర్రుమనే ఫ్యానూ ఉన్న ఇరుకు గదిలో కూర్చుని ఇరవై రెండేళ్లుగా ఆవిడ బస్సులను పిలుస్తోంది, సాగనంపుతోంది. ప్రతి బస్సుకీ చివర ఒకటే మాట: "దయచేసి తోసుకోకండి. అందరికీ చోటుంది." ఆ మాట పూర్తయ్యేలోపే జనం కిటికీల్లోంచి సంచులు విసిరి సీట్లు ఆపేసుకునేవాళ్లు.

ఒకనాడు ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, సినిమాలో పాడావటగా! మాటమాత్రం చెప్పలేదేం?"

సంగతేమిటంటే, బస్సు కోసం పడిగాపులు పడ్డ సంగీత దర్శకుడొకడు ఊరికే కూర్చోలేక ఆవిడ గొంతును ఫోన్లో పట్టుకుపోయి, దరువు కలిపి పల్లవి చేశాడు. తెరమీద హీరోయిన్ నడుం తిప్పుతుంటే యాభైమంది మగాళ్లు చుట్టూ మూగుతారు. అప్పుడు వినిపిస్తుంది, ఎంతో మర్యాదగా: "దయచేసి తోసుకోకండి..."

వారంలో ఊరు ఊగిపోయింది. రెండోవారం గొడవ మొదలైంది. ఆడవాళ్లను కించపరిచారని ఒక సంఘం, ప్రయాణికులను వెక్కిరించారని ఇంకో సంఘం రోడ్డెక్కాయి. టీవీలో నలుగురు పెద్దమనుషులు కూర్చుని 'చోటు' అన్న మాటకి అర్థాలు తీశారు. ఆ అర్థాలు విన్నాక, అప్పటిదాకా పాట వినని వాళ్లు కూడా వెతుక్కుని విన్నారు.

అత్తగారు నెత్తి పట్టుకుంది. "ఇన్నేళ్లూ ఒకరితో మాట పడలేదే అమ్మాయ్! ఇప్పుడు చూడు, మన పరువు డాన్సు చేస్తోంది."

"నేనన్నది బస్సుల గురించి అత్తయ్యా."

"నాకు తెలుసు. ఆ పిల్ల నడుముకి తెలియాలిగా!"

మర్నాడు డిపో మేనేజరు పిలిచాడు. "పైనుంచి ఒకటే ఫోన్లమ్మా. ఆ మాట మానేసి ఇది చదవండి" అని కాగితం ఇచ్చాడు. 'ప్రయాణికులు క్రమశిక్షణ పాటించవలెను.' ఆవిడ చదివింది. ఎవరూ తలెత్తి కూడా చూడలేదు. ఆదివారం సాయంత్రం బస్సు తలుపు దగ్గర తొక్కిసలాట జరిగి, ఒక పెద్దాయన చెప్పు తెగి, చతికిలబడిపోయాడు. గుమ్మంలోంచి అది చూసిన ఆవిడకి ఒళ్లు మండింది. కాగితం ఉండచుట్టి పారేసి మైకు అందుకుంది.

"దయచేసి తోసుకోకండి. అందరికీ చోటుంది."

ఎవరో ఈల వేశారు. ఎవరో దరువు ఎత్తుకున్నారు. చప్పట్లు కొట్టడానికి చేతులు పైకెత్తాక ఇక తోసుకోవడం ఎలా? ఊగుతూ, పాడుతూ ఒక్కొక్కరే ఎక్కారు. పెద్దాయనని ముందు ఎక్కించారు. డ్రైవరు కూడా తాళం తప్పకుండా హారన్ కొట్టాడు.

పొద్దున్నే విలేకరులు దిగారు. "ఈ వివాదం మీద ఏమంటారు మేడం?"

ఇన్నేళ్లుగా మైకులో మాట్లాడుతున్నా, నువ్వేమంటావని ఆవిడనెవరూ అడిగిన పాపాన పోలేదు. గొంతు సవరించుకుంది. "ఇరవై రెండేళ్లు మామూలుగా చెప్పాను, ఎవరూ వినలేదు. ఇప్పుడు వింటున్నారు. అది నాకు సంతోషమే."

"కానీ బూతంటున్నారు కదా?"

"నా మాటలో బస్సే ఉంది నాయనా. మిగతాది ఎవరెక్కించుకున్నారో వాళ్లనే అడగండి. అయితే ఒకటి, నన్నడక్కుండా నా గొంతు పట్టుకుపోవడం తప్పు. ఆ అబ్బాయిని వచ్చి అడగమనండి."

నెలాఖరుకి ఇంకో పాట వచ్చింది. సంఘాలన్నీ దానిమీదికి వెళ్లిపోయాయి. అప్పుడు వచ్చాడు సంగీత దర్శకుడు, నల్లకళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని. "తప్పయిపోయిందమ్మా. ఏం కావాలో చెప్పండి, చేస్తాను."

ఆవిడ మైకు కట్టేసి అతనివైపు తిరిగింది. "'ప్లాట్‌ఫాం మీద ఉమ్మెయ్యకండి' అని ఇంకోటి చెబుతుంటాను. దాన్ని కూడా దేంట్లోనైనా పెట్టగలవా?"

అతను బుర్ర గోక్కున్నాడు. తర్వాత ఫోన్ తీసి, "ఏదీ, ఒక్కసారి చెప్పండి" అన్నాడు.

ఆవిడ కుర్చీలో సర్దుకుని, కొంగు భుజం మీదికి లాక్కుని, నింపాదిగా చెప్పింది.