పెద్దమ్మ నవలల్లో ధైర్యవంతులు

పోయిన నెల ఒక ఉదయం పెద్దమ్మ మనవరాలు, మా అన్నయ్య కూతురు ఫోన్ చేసి, "చాచా, దాదీ నహీ రహీ" అంది, నానమ్మ ఇక లేదని. "ఎప్పుడమ్మా?" అన్నాను తెలుగులోనే. టీ పెట్టుకోడానికి లేచి, స్టవ్ పక్కనే కూలబడిపోయిందట మా పెద్దమ్మ. ఈ ఉక్కు ఊళ్ళో నేనుండే టెల్కో కాలనీ నుంచి పెద్దమ్మ వాళ్ళుండే అగ్రికో చేరేదాకా స్కూటర్ మీద నాకు ఏడుపు రాలేదు. ఆమె గురించి నలుగురూ చెప్పే మంచిమాటలు నేనూ చెప్పగలను. కానీ నాకు మాత్రమే తెలిసింది ఒకటుంది. అది చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పుకోవాలి.

పెద్దమ్మది పలాస వైపు. ఐదో తరగతి చదువు. ఒక బడిలో ఆయాగా పనిచేసేది. ఆదివారం మధ్యాహ్నాలు క్వార్టర్ వరండాలో కూర్చుని, అద్దెకు తెచ్చిన తెలుగు నవలలు పైకి చదివేది. మనసులో చదువుకోవడం ఆమెకు రాదు. పక్కిళ్ళ ఆడవాళ్ళు చిక్కుడుకాయలు వలుచుకుంటూ వినేవారు. కథలో ఎవరైనా అబద్ధమాడితే చదవడం ఆపి, కళ్ళద్దాలు తీసి చెంగుతో తుడిచేది, తప్పంతా అద్దాలదే అన్నట్టు.

ప్రేమలూ పెళ్ళిళ్ళూ ఆమెకు పెద్దగా పట్టేవి కావు. "అందరి దైర్నం ఒక్కలాగుండదే" అనేది. ఒక నవలలో వరదలోకి దూకి పిల్లల్ని ఒడ్డుకి చేర్చిన పడవవాడిది ఊపు ధైర్యం. మొగుడు జైలుకి వెళ్ళినా రోజూ అదే బావికి తలెత్తుకుని నీళ్ళకెళ్ళిన ఇల్లాలిది ఓర్పు ధైర్యం. "ఊపు ఒక్క గడియ సాలు. ఓర్పు తెల్లారితే మళ్ళా కావాల."

తొంభైల చివర్లో నేను వాళ్ళింట్లో ఉంటూ, ఒక కాంట్రాక్టరు షెడ్డులో పనిచేసేవాణ్ణి. క్రేన్ డ్రైవరుకి కింద నుంచి చేతులతో సిగ్నల్ ఇవ్వడం నా పని. బరువులకి స్లింగులు, అంటే ఇనప తాళ్ళు తగిలించే ఖలాసీ ఒడియా మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. ఒక గురువారం ఎవరో పిలిస్తే అటు చూస్తూ, దించమని చెయ్యి ఊపేశాను. అతనింకా క్రేనుకి వేలాడుతున్న ఇనప ప్లేట్ల కట్ట కిందే ఉన్నాడు. కుడి పాదం నుజ్జయింది. విచారణలో ఆఫీసరు అడిగితే, "నేను సిగ్నల్ ఇచ్చాక అతనే అడ్డం వచ్చాడు" అన్నాను. డ్రైవరుకి పైనుంచి ఏమీ కనపడలేదు. నా మాటే రాసుకున్నారు.

ఆ ఆదివారం పెద్దమ్మ చదువుతున్న నవలలో ఒక పోస్టుమాన్ ఉన్నాడు. ఎవరిదో ఉత్తరం దాచేసి ఒక పెళ్ళి చెడగొట్టాడు. ఏళ్ళ తర్వాత ఆ ఉత్తరం అందాల్సిన ఇంటి గుమ్మంలో నిలబడి, ఆ ఉత్తరం దాచింది నేనే అని చెప్పాడు. ఈ ధైర్యం ఏ రకమో పెద్దమ్మ తేల్చుకోలేకపోతోంది.

నేను ఒక్కసారిగా అరిచాను. "అది ధైర్యమేంటి పెద్దమ్మా! చెప్పి ఏం లాభం? పోయిన పెళ్ళి తిరిగొచ్చిందా?"

"లాబం కోసం సెప్పేడంటావేట్రా?" అంది. పుస్తకం మూసి నా మొహం కేసి చూసింది. "ఏటైంది నీకు?"

అందరూ వెళ్ళాక వంటింట్లో చెప్పేశాను. ఆమె బియ్యం కడుగుతోంది. చెయ్యి ఆగలేదు.

"ఆడికి తెలుసా?"

"తెలీదు. తనే చూసుకోకుండా వచ్చాననుకుంటున్నాడు."

"అయితే ఆడి కాలొకటే కాదు, ఆడి మీద ఆడికున్న నమ్మకం కూడా ఇరగ్గొట్టీసేవు."

"చెప్పెయ్యమంటావా?"

"నేను సెప్పమన్ను. నేను సెప్పమంటే నాకు బయపడి సెప్తావు. అదేటి దైర్నం?"

ఆ వారమంతా అన్నం వడ్డించింది, డబ్బా కట్టింది, ఆ ఊసే ఎత్తలేదు. తిడితే బాగుండుననిపించేది. చెప్పేస్తే పని పోతుంది, ఊరంతా తెలుస్తుంది. చెప్పకపోతే ఆ వంటింట్లో తలెత్తి అన్నం తినలేను. శనివారం ఆఫీసరు గదికెళ్ళి నిజం చెప్పాను. అక్కడికక్కడే నన్ను పనిలోంచి తీసేశారు. ఖలాసీ మీద రాసిన తప్పు కొట్టేశారు.

ఇంటికొచ్చి, "నాది ఏ రకం పెద్దమ్మా?" అని అడిగాను. మెచ్చుకుంటుందనే ఆశ ఉంది నాలో.

"నీది ఆలీసం రకం" అంది. నవ్వలేదు. "పద, ఆడింటికి. ఆఫీసులో సెప్తే సరిపోదు."

అతనిల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూడకుండా నా ముందే నడిచింది. అతను కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని మంచం మీద ఉన్నాడు. నేను చెప్పింది మొత్తం విన్నాడు. "ఇన్ని రోజులూ నన్ను నేనే తిట్టుకున్నాను" అన్నాడు హిందీలో. తర్వాత గోడవైపు తిరిగిపోయాడు. క్షమించానని అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. గోదాములో కూర్చుని చేసే పని ఇచ్చారని విన్నాను. ఎప్పుడైనా బిష్టుపూర్ బజారులో కనిపిస్తే ఇప్పటికీ నేనే చూపు దించుకుంటాను. ఆలస్యమైన ధైర్యం సగమైనా ధైర్యమేనా అని ఆమెను ఇంకోసారి అడగాలనుకుంటూనే ఇన్నేళ్ళు గడిపేశాను.

ఆ రోజు అతని భార్య ఒకే ఒక్క గ్లాసు టీ తెచ్చి పెద్దమ్మకి ఇచ్చింది. నాకివ్వలేదు. పెద్దమ్మ రెండు చేతులతో పట్టుకుంది. అయినా టీ ఆమె వేళ్ళ మీద ఒలికింది. నన్నక్కడికి నడిపించుకొచ్చిన మనిషికి కూడా భయంగా ఉందని నాకప్పుడు తెలిసింది. చివరి గుక్కదాకా తాగింది. ఆ ఇల్లాలు చెయ్యి చాపినా ఇవ్వకుండా, తనే వీధి కొళాయి దగ్గరికి వెళ్ళి గ్లాసు కడగడం మొదలుపెట్టింది. గ్లాసు ఎప్పుడో శుభ్రమైపోయింది. ఆమె మాకు వీపు తిప్పి, తల వంచుకుని, ఇంకా కడుగుతూనే ఉంది.