నా చిగుళ్ళ రంగు

ఈ మాటను ఏళ్ళ తరబడి నోట్లోనే దాచుకున్నాను. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. మూడో తరగతితో బడి మానినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

నా చిగుళ్ళు పుట్టుకతోనే నలుపు. దబీర్‌పురాకు కోడలిగా వచ్చిన కొత్తలో పక్కింటావిడ పాన్ ఇచ్చింది. నమిలి అద్దంలో చూసుకుంటే నోరంతా ఎరుపు. నలుపు కనబడలేదు. గిన్నెకంటిన పులుసు కూడా పారబోయని నేను, ఆ ఒక్క ఖర్చు మాత్రం మానలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మనవరాలికి పాలపళ్ళు ఊడే వయసులో చిగుళ్ళ నలుపు మొదట చూసింది నేనే. "మా ఇంట్ల ఎవ్వరికి లేదు, మీ పుట్టింటోళ్ళదే" అని పిల్ల ముందే కోడలిని అనేశాను. ఎందుకన్నాను? నా నోటి వైపు ఎవరైనా చూస్తారనా? ఆ రోజు నుంచి పిల్ల నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆ చెయ్యి చూసి కోడలు తల దించుకుంటుంది.

పిల్ల పెద్దదై ఉద్యోగంలో చేరింది. పోయిన నెల తన జీతంతో చిగుళ్ళకు లేజర్ చేయించుకుంటానంది.

"రంగుకు గూడ పైసలు తగలేస్తరా?" అన్నాను.

"నీకేం దెలుస్తది నానమ్మా, నీ నోరు ఎప్పుడూ ఎర్రగనే ఉంటది" అంది.

అయినా సైదాబాద్ పళ్ళ దవాఖానాకు కోడలితో పాటు నేనూ వెంట వెళ్ళాను. వెలుగుతో నలుపు ఎట్లా పోతుందో చూడాలని.

"ఇది జబ్బు గాదు, ఒంటి రంగు లాంటిదే. ఇంట్ల ఎవరికన్న ఉందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మా పుట్టింటోళ్ళకు ఉందమ్మా" అంది కోడలు.

వాళ్ళలో ఒక్కరికీ లేదు. నా మాటనే నమ్మిందా? నన్ను కాపాడిందా? అడగాల్సింది అది. నేనడిగింది వేరు: "మళ్ళ నల్లగైతదా బిడ్డా?"

"కొందరికి కొన్నేండ్లకు వస్తది. మీరు జర పాన్ తగ్గించుండ్రి అమ్మా, మీ నోరు జూస్తే నాకు ఫికరైతుంది."

పిల్ల చిగుళ్ళకు సూదిమందు ఇచ్చారు. కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. పుండు మానాక చిగుళ్ళు లేత గులాబీ రంగు తేలాయి. పిల్ల అద్దం ముందు నవ్వింది. చెయ్యి మాత్రం అలవాటుగా నోటికి అడ్డం వచ్చింది.

లేజర్ తియ్యలేనిది అదే. అది పెట్టింది నేను.

ఈ పొద్దున పాన్ వేసుకోలేదు. ఉప్పునీళ్ళతో బాగా పుక్కిలించి, కోడలిని పిలిచి, పెదవి ఎత్తి చూపించాను. చాలాసేపు చూసింది. వెళ్ళి బియ్యం కడిగింది.

నోరు ఖాళీగా ఉంది. తేలిగ్గా ఉంది.