చెవిమేస్త్రి వినని పంపు

ఆ షెడ్డుకు వచ్చేవాళ్లెవరూ ఆయనను అసలు పేరుతో పిలవరు. అందరికీ ఆయన చెవిమేస్త్రి. బండి స్టార్ట్ కావడం లేదంటే ముందు బానెట్ ఎత్తడు. వెనక సీటు మీద వాలి, చెంప ఆనించి, "తాళం కొంచెం తిప్పండి, స్టార్ట్ చెయ్యొద్దు" అంటాడు. సీటు కింద ట్యాంకులో మునిగి ఉండే పెట్రోలు పంపు ఆ క్షణంలో తుమ్మెదలా రొద చేసి ఆగిపోవాలి. పంపుకు కరెంటు అందుతూ కూడా ఆ రొద లేకపోతే పంపు పోయినట్టే. పద్ధతిలో తప్పేమీ లేదు. అయితే దానికంతటికీ ఉన్న ఏకైక సాక్షి ఆయన చెవి. ఆ సాక్షిని ఎవరూ, ఏనాడూ ప్రశ్నించలేదు.

ఆ ఉదయం కూడా ఒక స్కూలు వ్యాను పంపు పోయిందని ఆయన అలాగే తేల్చాడు. డ్రైవరు కొత్త పంపు కోసం బజారుకు వెళ్లాడు. వ్యాను మూలన నిలబడి ఉంది.

అంతలో నర్సమ్మ పాత కారును ఎవరో నెట్టుకుంటూ తెచ్చారు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చడం ఆమె పని.

"మేస్త్రీ, నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. అక్కడ ఒక పెద్దాయన నా కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తుంటాడు. తొందరగా తేల్చు."

"మీ బండికీ ఆ పెద్దాయన వయసే కదమ్మా. కాస్త ఓపిక పట్టండి."

షెడ్డులో సగం పని మేస్త్రి చెల్లెలిది. పంపుకు వెళ్లే తీగకు ఆమె పరీక్ష దీపం పెట్టింది. మేస్త్రి సీటు మీద వాలాడు. నర్సమ్మ తాళం తిప్పింది. దీపం వెలిగింది, అంటే కరెంటు ఉంది.

"చప్పుడే లేదు. పంపు చచ్చింది," అన్నాడాయన లేస్తూ.

"మోగింది కదన్నయ్యా!"

"మోగింది నీ బుర్ర."

"నా బుర్ర మోగితే నీకు వినపడేదా? ఇంకోసారి తిప్పండమ్మా."

నర్సమ్మ మళ్లీ తిప్పింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఏమీ లేదు.

"నాకూ వినపడింది మేస్త్రీ," అంది నర్సమ్మ నెమ్మదిగా.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించే మనిషి, ఈసారి వాదించలేదు. అరచేతిని సీటు మీద ఆన్చి, కళ్లతోనే సైగ చేశాడు. తాళం తిరిగింది. అరచేతి కింద సన్నటి వణుకు పుట్టి ఆగిపోయింది. చేతికి తెలిసింది, చెవికి తెలియలేదు. కొంతకాలంగా భార్య గొణుగుతోందని, వచ్చేవాళ్లు నోట్లో నోట్లో మాట్లాడుతున్నారని ఆయన విసుక్కుంటున్నాడు. లోకమంతా ఒక్కసారే గొణగడం ఎందుకు మొదలుపెడుతుందని మాత్రం తనను తాను అడగలేదు.

"ఆ కొలత పెట్టె తియ్యి," అన్నాడు.

పెట్రోలు ఒత్తిడి చూడటానికి చెల్లెలు ఎప్పుడో కొన్న ఆ మీటరుకు "చెవుల్లేనివాళ్ల చేతికర్ర" అని పేరు పెట్టింది ఆయనే. ఇప్పుడు ఆయనే దుమ్ము దులిపి, గుడ్డ అడ్డం పెట్టి, ఇంజను దగ్గరి పెట్రోలు గొట్టానికి బిగించాడు. ముల్లు సగం దాకా వచ్చి జారిపోయింది. ట్యాంకుకు పెట్రోలు తిరిగి వెళ్లే గొట్టాన్ని కాసేపు నొక్కిపట్టి చూశాడు. అయినా ముల్లు పైకి ఎక్కలేదు. ఫిల్టరు మొన్ననే మార్చింది. పంపు మోగుతోంది కానీ, పెట్రోలును తోసే సత్తువ దానికి లేదు.

"చూశావా మేస్త్రీ! చివరికి నువ్వన్నదే నిజమైంది," అంది నర్సమ్మ.

"అవునమ్మా, నేనే తొందరపడ్డాను. అన్నయ్య మాటంటే మాటే," అంటూ చెల్లెలు తల దించుకుని బోల్టులు ఏరసాగింది.

తప్పించుకోవడానికి ఆమె దారి వేసి పెట్టింది. ఆయన తల ఊపితే చాలు, పేరు పదిలం. తీర్పు సరైనదే, సాక్ష్యమే తప్పు. తప్పుడు సాక్ష్యం మీద వచ్చిన సరైన తీర్పును మెచ్చుకుంటూ పోతే, అది ఏదో ఒకనాడు నిరపరాధికి శిక్ష వేస్తుంది. ఆయన చూపు మూలనున్న వ్యాను మీద పడింది.

"ఊరుకోవే. అది మోగింది, మీరిద్దరూ విన్నారు. నాకే వినపడలేదు."

మీటరు విప్పి నేరుగా వ్యాను దగ్గరికి నడిచి, దాని పెట్రోలు గొట్టానికి బిగించాడు. చెల్లెలు తాళం తిప్పింది. ముల్లు చివ్వున లేచి నిటారుగా నిలబడింది.

"మోగిందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఆయన నోట రావడం అదే మొదటిసారి.

"మోగిందన్నయ్యా."

ఆయన డ్రైవరుకు ఫోను చేశాడు. "పంపు కొనకురా. నీ పంపు నిక్షేపంలా ఉంది. లోపం ఇంకెక్కడో ఉంది, వెతుకుతాను. పొద్దున నేను తప్పు చెప్పాను."

అవతలివాడు ఏదో అన్నాడు. ఆయన ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "ఏంటీ? గట్టిగా చెప్పు... తప్పు చెప్పానంటున్నా. చెవిటివాడి ముందు శంఖం ఊదకురా నాయనా, చెప్పింది విని వచ్చెయ్!"

నర్సమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "రేపు నాతో వచ్చి చెవి పరీక్ష చేయించుకో. బండ్లకేనా పరీక్షలు?"

"వస్తానమ్మా. ముందు మా చెల్లి మిమ్మల్ని ఆ పెద్దాయన దగ్గర దింపి వస్తుంది. ఈలోగా ఈ పాత పంపు విప్పి ఉంచుతాను."

చెల్లెలు స్కూటరు మీద నర్సమ్మను ఎక్కించుకుని, "మీటరు మళ్లీ అటకెక్కించకు!" అని కేక వేసింది. ఆయన వెనక సీటు ఎత్తడంలో మునిగిపోయి ఉన్నాడు. ఆమె స్కూటరుకు స్టాండు వేసి, వెనక్కి వచ్చి, ఆయన భుజం తట్టి, ముఖానికి ఎదురుగా నిలబడి ఆ మాటే మళ్లీ చెప్పింది.

"ఎక్కించనులే," అన్నాడాయన.