రెండు మాత్రలకు బేరం

మదనపల్లె టమోటా మార్కెట్లో పాతికేళ్లుగా వేలం పాడుతున్న ఆదినారాయణకు బేరమాడనిదే ముద్ద దిగదు. భార్య రుక్మిణమ్మ నాలుగు ఇడ్లీలు పెడితే మూడు చాలంటాడు, మూడే పెడితే నాలుగోది యాడ అంటాడు.

నలభై తొమ్మిదో ఏట ఒకరోజు పొద్దున లేచేసరికి కుడికాలి బొటనవేలు ఎర్రగా వాచి ఉంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడింది. క్రేటు తగిలిందని అందరికీ చెప్పాడు. చౌడేపల్లె చుట్టమొకాయన పసరు పూసి కట్టు కట్టాడు. వారానికి నొప్పి తనంతట తానే తగ్గింది, పేరు మాత్రం పసరుకు వచ్చింది. రెండు నెలలకు మళ్లీ వాచింది. ఈసారి పసరుతో వేలు పచ్చబడిందే తప్ప వాపు కదల్లేదు.

రుక్మిణమ్మ ఆయన్ను పుంగనూరులో డాక్టరు పల్లవి దగ్గరికి లాక్కుపోయింది. ఆమె రక్తపరీక్ష చేయించింది.

"ఇది గౌట్ అనే కీళ్ల జబ్బప్పా. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సన్న గాజుపొడి మాదిరి కీల్లో చేరుకోనుండాది" అని ముందు నొప్పికి మందిచ్చింది. వాపు పోయాక మళ్లీ పిలిపించి రెండు మాత్రలు రాసింది. "పెద్దది యాసిడ్ తగ్గించేది. నొప్పి లేకపోయినా రోజూ ఏసుకోవాల. చిన్నది కొన్ని నెలలు దానికి తోడుండాల."

"నొప్పే లేనప్పుడు మాత్ర యాలమ్మా? ఒక వేలికి రెండు మాత్రలు శానా ఎక్కువ. ఒకటి సేయి."

"ఇది మండీ కాదప్పా" అంది డాక్టరు.

ఆయన బుద్ధిగా తలూపాడు. మందుల షాపులో మాత్రం పెద్ద మాత్రే తీసుకున్నాడు. పెద్దది ఉండగా చిన్నదెందుకని ఆయన లెక్క.

రెండు వారాలకు కుప్పంలో తోడల్లుడు గిరిబాబు గృహప్రవేశం. మర్నాడు తలకాయ కూర, కాళ్ల పులుసు, బీర్లు. రుక్మిణమ్మ కళ్లెర్రజేస్తే, "రోజూ మాత్ర ఏసుకుంటాండానే, నాకేమి?" అని రెండోసారి వడ్డించుకున్నాడు. తెల్లారేసరికి వేలు బెలూనులా ఉబ్బింది. ఒక కాలికి తోలు చెప్పు, ఇంకో కాలికి గిరిబాబు బాత్రూం చెప్పు వేసుకుని బస్సెక్కాడు.

మార్కెట్లో కుర్చీ వేయించుకుని, కాలు క్రేటు మీద పెట్టి తీర్పు చెప్పాడు. "తలకాయ కూర ముప్పై ఏండ్లుగా తింటాండా, ఏమీ కాలేదు. మాత్ర మింగినాకే ఇట్లయింది!" వినేవాళ్లంతా నిజమేనన్నారు. ఆ పూటతో మాత్ర మానేశాడు.

మూడు నెలల్లో ఎడమ వేలూ, చీలమండా వంతులేసుకుని వాచాయి. మండీ యజమాని వేలానికి చీటీలు రాసే సురేంద్రను పెట్టి, ఆదినారాయణను అతని బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ సురేంద్రకు పాట మధ్యలో దగ్గొస్తుంది. వారం రోజులు ఆ దగ్గు వింటూ నోరు మూసుకుని చీటీలు రాసేసరికి, దానికంటే వేలినొప్పే నయమనిపించింది. ఎనిమిదో రోజు తనే, "పుంగనూరు పోదాం పా" అన్నాడు భార్యతో.

డాక్టరు తిట్టలేదు. సగం వాడిన పెద్ద మాత్రల స్ట్రిప్పు చూసి, "చిన్న మాత్రలు యాడప్పా?" అంది.

ఆదినారాయణ గోడమీది క్యాలెండరు చూడసాగాడు. "బేరంలో పాయెమ్మా" అంది రుక్మిణమ్మ.

"పేరుకుపోయింది కరిగేటప్పుడు మొదట్లో నొప్పి రేగుతాదప్పా. అది రాకుండా కాసేదే చిన్న మాత్ర. రేగినా పెద్దది ఆపకూడదు. మాత్ర ఉండాదని కాళ్ల పులుసు మీద పడకూడదు కూడా."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆదినారాయణ ఎదుటివాళ్లు చెప్పిన ధరకు ఒప్పుకున్నాడు. రెండూ వేసుకున్నాడు. మధ్యలో ఒకసారి వేలు కొంచెం మండినా ఆపలేదు. తొమ్మిది దాటిన యాసిడ్ ఏడాది తిరిగేసరికి ఆరుకు లోపలికి దిగింది. చిన్న మాత్ర ఆగింది, పెద్దది సాగుతోంది. ఆదినారాయణ వేలానికి తిరిగొచ్చాడు, సురేంద్ర మళ్లీ చీటీల బల్లకు వెళ్లాడు.

మార్కెట్‌కు కొత్త బాధ అక్కడే మొదలైంది. కుంటుతూ ఎవరు కనబడినా ఆదినారాయణ వేలం ఆపేస్తాడు. మొన్న బి.కొత్తకోట రైతు సుబ్బయ్యను పట్టుకుని, నీళ్లు ఎన్ని తాగాలో, మాత్ర ఎందుకు ఆపకూడదో పావుగంట చెప్పాడు.

"ముల్లు గుచ్చుకోనుండాదప్పా" అన్నాడు సుబ్బయ్య.

"అందరూ మొదట అట్లే అంటారు" అన్నాడు ఆదినారాయణ. "టెస్టు సేయించుకో."