నాగలి కర్రు తొడిగిన పడవ

కుడిచేయి బియ్యం బస్తా మీద పెట్టి చెబుతున్నాను: ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా రేపటి నుంచి నా కంచంలో అన్నీ రాళ్లే రావాలి.

సాగరు కాలువ నీళ్లు మా వైపు పొలాలకు కొత్తగా వచ్చిన రోజులు. నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు మెకానిక్‌ని. సూర్యాపేటలో ఉండే మా మేనమామ, బావిలో తప్ప నీళ్లు చూడని మనిషి, ఎక్కడి నుంచో ఒక పాత మోటారు పడవ కొనుక్కొచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో దింపాడు. ఆ పడవలో ఇంజను లోపల కూర్చుంటుంది, దాని కాలు వెనక నీళ్లలో వేలాడుతుంది. కాలి చివర గేర్లున్న ఇనుప డబ్బా, దానికో పంకా. ఆ డబ్బాను మేం పాదం అనేవాళ్లం.

అవతలి ఒడ్డు పడవాయన ఒకరోజు మామను రెచ్చగొట్టాడు.

"మీ పడవ కన్నా మా గేదె ముందొస్తుందండీ!"

మామ మీసం మెలేశాడు. "ఆదివారం నీ పడవకు, నా పడవకు నీ ఒడ్డు దాకా పందెం. నా పడవ ముక్కు ముందుగాల తాకకపోతే గీ మీసం తీసేస్త!"

అది మామూలు మీసం కాదు. రెండు పూటలా ఆముదం తాగేది. పెళ్లిచూపుల్లో అత్తయ్య దాన్ని చూసే ఒప్పుకుందట.

"అల్లుడా, ఇగ నా మీసం నీ చేతుల్ల ఉన్నది," అన్నాడు మామ.

పాదం ముందు భాగం గుమ్మడికాయలా మొద్దుగా ఉంది. నీళ్లను చీల్చాలి కదా! నాగలి కర్రు తెచ్చి వెల్డింగ్ పెట్టించాను. పాదం విప్పి, ఇంజనును చల్లబరిచే నీళ్లు పీల్చే రంధ్రాలను కర్రు మొన దాకా దించాను. పడవను ఒడ్డుకు కట్టేసి ఇంజను నడిపి చూస్తే, ఆ రంధ్రాల్లోకి పోయిన రొయ్యలు పొగగొట్టంలోంచి ఉడికి బయటపడ్డాయి. ఉప్పు మాత్రం మేమే వేసుకున్నాం.

ఆదివారం తాళ్లు విప్పాం. ఇంజను గర్జించింది. పడవ వెనక్కి పరిగెత్తి మా ఒడ్డునే గుద్దింది.

"ఏం జేసినవ్ రా!"

పాదం మళ్లీ బిగించేటప్పుడు గేరు అటుది ఇటు పెట్టానన్నమాట. మిల్లులో చక్రం ఎదురు తిరిగితే బెల్టుకు ఒక మెలిక వేస్తాం, ఖతం. ఇక్కడ మెలిక వేయడానికి బెల్టేదీ?

"మామా, పడవను తిప్పు! నువ్వు గూడ తిరిగి కూసో!"

తోక ముందు, ముక్కు వెనక పెట్టుకుని కృష్ణ దాటాం. అయినా మేమే ముందు తాకాం.

"గెలిచినం!" అని మామ ఎగిరాడు.

"ఆగండి బాబూ. మీరన్నది ముక్కు కదా? వచ్చింది తోక. ముక్కు ఇంకా నీళ్లలోనే ఉందండీ!" అన్నాడు పడవాయన.

మామ మీసం వణికింది. అప్పుడు మా పడవలో మిర్చి గంపతో కూర్చున్న ముసలవ్వ లేచింది.

"ఏందయ్యా లొల్లి? మొగోని మీసం ఏ దిక్కుంటే గదే ముందు. ఆయన మీసం ఒడ్డు దిక్కే ఉన్నది, సూడు!"

ఒడ్డంతా నవ్వింది. పడవాయన దండం పెట్టాడు.

బస్తా మీది నుంచి చేయి తీసేముందు ఒకటి ఒప్పుకోవాలి. కర్రు నిజం. రొయ్యలు నిజం. ముసలవ్వ కూడా నిజమే. కానీ ఆమె నోరు విప్పలేదు. ఒడ్డు తాకిన ఊపుకు బోర్లాపడిన మిర్చి ఏరుకుంటోంది, పాపం. ఆ మాట మూడు రోజుల తర్వాత మిల్లులో బెల్టు ఎక్కిస్తుంటే నాకు తట్టింది. వెంటనే బస్సెక్కి సూర్యాపేట పోయి మామకు చెప్పాను.

మామ నున్నటి పైపెదవి తడుముకున్నాడు. "గీ మాట ఆదివారం అనకపోతివి రా!"

మంచినీళ్లు తెచ్చిన అత్తయ్య, ఎవరో పరాయి మగాడు కూర్చున్నట్టు, ఆయన్ని చూసి కొంగు సర్దుకుంది.