రెండు నెలలకు పడ్డ నెర్రెలు

నిన్న ఉదయం వేడి టీ పోయగానే కప్పు టింగుమంది. చెవి దగ్గర పెట్టుకున్నాను. మరొకసారి, ఇంకా సన్నగా. మట్టి కప్పు మీది గ్లేజు, అంటే గాజులాంటి పైపూత, వెంట్రుకంత సందుతో చీలే చప్పుడది. అది వింటే ఇప్పటికీ రాజయ్య సార్ గుర్తొస్తారు. నాకు పని నేర్పిన మనిషి. నా పేరు చెడగొట్టిన మనిషి కూడా.

వికారాబాద్‌లో ఆయనకు మట్టి కప్పులు, ప్లేట్లు చేసే షెడ్డు ఉండేది. నేను పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో తాండూరుకు, అక్కడి నుంచి రైల్లో వచ్చేదాన్ని. మొదటి ఏడాది మట్టి పిసికించారు. రెండో ఏడాది బట్టీ అప్పగించారు. "తలుపు ఇటుక మీద చెయ్యి వెట్టు బిడ్డా. నూరు లెక్కవెట్టేదాంక చెయ్యి ఆగితేనే తెరువు. గడియారం చూస్తే కాదు, చెయ్యి చెప్పాలె" అనేవారు. నేను ఒక్కసారి కూడా తొంభై దగ్గర తెరవలేదు.

తాండూరులో ఒక హోటలుకు పంపిన కప్పులు రెండు నెలలకు తిరిగొచ్చాయి. తెల్లగా మెరవాల్సిన పూత నిండా నెర్రెలు, వాటిలో టీ ఇంకి నల్లటి వల. హోటలాయన బుట్ట దించి, "వీటిల్ల ఎవలు తాగుతరు సార్? గిరాకీ నా మొకం మీద కొడుతున్నది" అన్నాడు. సార్ నావైపు చెయ్యి చూపించారు.

"గీ పిల్ల ఆగలే. వేడి మీదనే బట్టీ తెరిచింది."

షెడ్డులో అందరూ వింటున్నారు. "నేను తెరవలే సార్, నూరు లెక్కవెట్టిన" అన్నాను. "నోరు మూయి" అన్నారు. మరునాటి నుంచి మళ్లీ మట్టి దగ్గరికే. పక్కన పిసికే యాదమ్మ, "ఏందే బట్టీ రాణీ, దిగినవా కిందికి?" అని నవ్వింది. ఆ నవ్వు కూడా మరచిపోలేదు.

వేడి బట్టీ తెరిస్తే పగుళ్లు ఆ పూటే వినిపిస్తాయి. రెండు నెలలు బాగుండి తర్వాత చీలాయంటే, చాలీచాలని మంటలో కాలిన మట్టి తేమ పీల్చి ఉబ్బిందని అర్థం. కట్టెలు మిగలాలని మొదటి కాల్పుకు, అంటే పూత వేయకముందు ఒట్టి మట్టిని కాల్చేటప్పుడు, మంట తగ్గించమన్నది సారే.

అన్నం వేళల్లో ఆరు చిన్న పలకలు చేశాను. మొదటి కాల్పులో వాటిని మంట బాగా తగిలే వరుసలో పెట్టాను. పూతలో పలుగురాయి పొడి పలకకో చెంచా పెంచుతూ పోయాను. ఆ పొడి పెరిగితే చల్లారేటప్పుడు పూత తక్కువ ముడుచుకుంటుంది. కాలాక ఒక్కోదాన్ని మరిగే నీళ్లలో నుంచి తీసి ఐసు నీళ్లలో వేసి, పైన సిరా రుద్దాను. ఈ పరీక్ష కూడా ఆయన నేర్పిందే. అయిదింటి మీద సిరా గీతలు తేలాయి. ఆరోది శుభ్రంగా ఉంది. తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

భూతద్దంతో చాలాసేపు చూశారు. "రేపట్నుంచి గిట్లనే కలుపు. మొదటి కాల్పుకు మంట పెంచు."

"అంటే తప్పు నాది కాదు కద సార్?"

"పో, బట్టీ చూసుకో."

బట్టీ తిరిగొచ్చింది. మాట తిరిగి రాలేదు.

ఏళ్ల తర్వాత, మర్పల్లిలో కూతురింట్లో మంచం పట్టారని తెలిసి వెళ్లాను. నేను అడగకముందే అన్నారు: "మంట నేనే తగ్గించిన బిడ్డా. గా దినమే ఎరుక నాకు. హోటలాయన ముంగట నా తప్పంటే షెడ్డు మూతవడ్తుండె. నీకు వయసుంది, లేస్తవనుకున్న."

"అందరి ముందర అన్నరు సార్. అందరి ముందరనే చెప్పాలె."

"లేస్తే వస్త. చెప్త" అన్నారు. లేవలేదు.

అంత్యక్రియలప్పుడు యాదమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "ఎంత తిట్టినా పని నీకే నేర్పిండు. నువ్వు గా దినం జర ఆగితే అయిపోతుండె కద" అంది. తప్పు నాది కాదని ఆయన అందరి ముందు చెబుతారన్న నా ఎదురుచూపు అక్కడే ముగిసింది.

ఇప్పుడు తాండూరులో నాకూ చిన్న షెడ్డు ఉంది. నిన్న టింగుమన్న కప్పు నేను చేసిందే. పలుగురాయి పొడి కొత్త బస్తా విప్పి, పరీక్ష చేయకుండానే కలిపాను. పనిచేసే నలుగురినీ పిలిచాను. "బస్తా మారింది. నేను చూసుకోలే. తప్పు నాది" అన్నాను. అలా చెబితే ఆయన మీద కోపం తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. ఆ మాటలు చెప్పడానికి నూరు లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు.